బూడిద, బుడగలు, ఒక కొలవని ఆరు

ఎవరి కోసం

చేసిన పని వృథా అయితే బూడిదలో పోసిన పన్నీరు అంటాం మనం. నేను పధ్నాలుగేళ్ళు న్యూజెర్సీలో బూడిదలో నీళ్ళు పోసే బతికాను. ఆ నీళ్ళతోనే ఇల్లు కొన్నాను, ఇద్దరు పిల్లల చదువులు గట్టెక్కించాను. అందుకని ఆ సామెతతో నాకు సొంత పేచీ ఒకటుంది.

2001లో, నా యాభై ఒకటో ఏట, మా చెల్లెలు ఎప్పుడో పెట్టిన గ్రీన్ కార్డు అప్లికేషన్ పండి, నేనూ మా ఆవిడ సుశీలా పిస్కాటవే దగ్గర దిగాం. ఇండియాలో పాతికేళ్ళు సివిల్ ఇంజనీరుని. ఇక్కడ ఒక రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను, అంటే కాంక్రీటు బలం పరీక్షించడానికి నింపే సిలిండర్ అచ్చులు కడిగేవాణ్ణి. ఫ్లై యాష్ అంటే ఎగిరే బూడిద. నేనూ ఎగిరొచ్చిన బాపతే కనుక ఇద్దరం తొందరగానే కలిసిపోయాం. కొన్నేళ్ళకి ప్లాంటు క్వాలిటీ కంట్రోల్ అంతా నా చేతికి వచ్చింది. మధ్యలో ఏ హోదా ఎప్పుడు వచ్చిందో రాయను. నాకు సరిగా గుర్తులేదు. మా ఆవిడకి గుర్తుంది, ఆవిడ రాస్తే అది వేరే పుస్తకం.

సివిల్ మాస్టర్స్ చేసి, "అంకుల్, సాఫ్ట్‌వేర్‌లోకి జంప్ అవకుండా ఇందులోనే ఉంటే బతకొచ్చా?" అని మా ఇంటికొచ్చి అడిగే పిల్లల కోసం ఈ నాలుగు మాటలు. బతకొచ్చు. బాగా బతకొచ్చు. కానీ ఒక కాగితం మీద నేను కొలవకుండా ఒక అంకె రాశాను. ఆ అంకె వల్ల, నాకంటే నిజాయతీ గల మనిషికి ఉద్యోగం పోయేంత పని అయింది. నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క కథలోనే ఉంది కనుక అదే చెబుతాను.

బూడిద గుణగణాలు

బొగ్గును పిండిలా చేసి పవర్ ప్లాంటులో మండిస్తే పొగతోపాటు సన్నటి బూడిద లేస్తుంది. దాన్ని పొగగొట్టం దాటకముందే పట్టుకుంటారు. అదే ఫ్లై యాష్. సిమెంటులో నాలుగోవంతో ఐదోవంతో తగ్గించి ఆ స్థానంలో దీన్ని కలుపుతాం. మైక్రోస్కోపులో చూస్తే ఆవాల్లాగా గుండ్రంగా, గాజు గోళీల్లా కనిపిస్తుంది. అందుకే బూడిద కలిసిన కాంక్రీటు సులువుగా దొర్లుతుంది, పంపులో ఇరుక్కోదు, తక్కువ నీళ్ళతో మాట వింటుంది.

సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది. పెళ్ళింట్లో ఎవరూ పని చెప్పని చుట్టంలా అది ఊరికే కూర్చుంటుంది. బూడిద మెల్లగా వెళ్ళి దాన్ని పనిలో పెట్టి ఇంకొంత జిగురు తయారుచేస్తుంది. కాంక్రీటు లోపలి సన్నటి దారులు పూడిపోయి ఉప్పునీరు అంత తేలిగ్గా చొరబడలేదు. మన తాతలు సున్నంలో ఇటుకపొడి వేసి గానుగాడించి కట్టిన గోడలు నిలబడింది ఈ కిటుకుతోనే. మందపాటి పునాదుల్లో వేడి తక్కువ పుడుతుంది, పగుళ్ళు తగ్గుతాయి.

చెడ్డ గుణం ఒకటే, తొందరపడదు. ఇరవై ఎనిమిదో రోజుకి మామూలు కాంక్రీటు కంటే వెనకబడి ఉంటుంది, యాభై ఆరో రోజుకి అందుకుంటుంది, ఆ తర్వాత దాటిపోతుంది. చలికాలంలో మరీ బద్ధకం. దుప్పటి కప్పాలి, తడి ఆరనివ్వకూడదు. వారం తిరక్కుండా సిలిండర్ పగలగొట్టి "నీ బూడిద ముంచింది" అని ఫోన్ చేసే కాంట్రాక్టర్లకి, నిదానమే ప్రధానం అనే మాటని నాకు వచ్చిన ఇంగ్లీషులన్నిటిలోనూ చెప్పాను. యాభై దాటాక కొత్త దేశంలో సెట్ అవడానికి వచ్చినవాడు ఆ మాట చెబితే కొంత బరువు ఉంటుంది.

వాల్టర్ సీసాలు

మా ప్లాంటులో బ్యాచ్‌మ్యాన్ వాల్టర్. మెట్లెక్కి వెళితే అద్దాల గది, అందులో అతని కుర్చీ. ఇసుక, కంకర, సిమెంటు, బూడిద, నీళ్ళు ఎంతెంత తూచి ట్రక్కులో పడాలో అతని బొటనవేలు చెబుతుంది. అప్పటికే ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసు. నన్ను 'మూర్తి' అనడం అతని నోటికి రాలేదు, 'మర్తీ' అనేవాడు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. నా చెవిలో అది ఇలా మిగిలింది.

బూడిద ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ అతను కిందికి దిగి, గుప్పెడు తీసుకుని, వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి, మనవల బేబీఫుడ్ సీసాలో పోసి, పైన టేపు మీద తారీఖు వేసేవాడు. కిటికీ అరుగు పొడుగునా ఆ సీసాలే.

"ఏమిటీ మ్యూజియం?" అని చేరిన కొత్తలో అడిగాను.

"టికెట్ కొనకుండా చూస్తున్నావుగా, ప్రశ్నలు కూడానా?" అన్నాడు.

సీసా ఊపే పరీక్ష నాకు నేర్పింది అతనే. అదేమిటో చెప్పాలంటే ముందు బుడగల సంగతి చెప్పాలి. న్యూజెర్సీ చలికి కాంక్రీటులోని తడి గడ్డకట్టి ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే పైపొర ఊడిపోతుంది. అందుకని సబ్బులాంటి ఒక ద్రవం కొద్దిగా వేసి, కంటికి ఆనని గాలిబుడగలు లోపల పుట్టిస్తాం. మా మిక్సుకి మొత్తం గాలి ఆరు శాతం ఉండాలి. బూడిదలో కాలకుండా మిగిలిన కార్బన్‌కి ఈ ద్రవమంటే మహా ఇష్టం, తాగేస్తుంది. ఎంత తాగుతుందో తెలియాలంటే, చిన్న సీసాలో బూడిద, సిమెంటు, నీళ్ళు పోసి, ద్రవం చుక్క చుక్కగా వేస్తూ ఊపాలి. నురుగు నిలిచేదాకా ఎన్ని చుక్కలు పడితే దాని దాహం అంత.

ఆ రోజుల్లో కొన్ని పవర్ ప్లాంట్లు పాదరసం గాలిలో కలవకుండా పొగలోకి కార్బన్ పొడి చల్లడం మొదలుపెట్టాయి. గాలికి మంచిదే. కానీ ఆ పొడి కూడా బూడిదతోపాటు మాకే వచ్చేది. నేను చేరిన ఏడో ఏడు, ఆగస్టు చివర ఒక సోమవారం, వాల్టర్ ఇంటర్‌కమ్‌లో పిలిచాడు.

"బూడిద నల్లబడింది మర్తీ. వచ్చి సీసా ఊపు."

"ట్యాంకరుతో వచ్చిన సర్టిఫికెట్ చూశాను. కార్బన్ లిమిట్‌లోనే ఉంది."

"కాగితం ఊపితే నురుగు రాదు."

నవ్వి, నాకు మీటింగ్ ఉందని వెళ్ళిపోయాను. సర్టిఫికెట్ అబద్ధం చెప్పలేదు. కార్బన్ ఎంతుందో చెప్పింది. అది ఎంత దాహంతో ఉందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పట్టుపంచె

ఆ శనివారమే డాక్టర్ పద్మజ గారి క్లినిక్ ముందు కాంక్రీటు పోయాలి. ఆవిడ పిల్లల డాక్టరు, మా కుటుంబ స్నేహితురాలు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులో నేను పులిహోర ప్లేటు పట్టుకుని బూడిద మీద ఉపన్యాసం ఇస్తే, పాపం, విన్నారు. తన కొత్త క్లినిక్ ముందు నడక దారికి, వీల్‌చైర్లూ పసిపిల్లల్ని తోసుకెళ్ళే స్ట్రోలర్లూ ఎక్కే ర్యాంపుకి మా ప్లాంటు కాంక్రీటే పొయ్యమన్నారు. ఆ వారం మధ్యలో మేం పోసినవన్నీ పునాదులూ, లోపలి ఫ్లోర్లే. చలి తగలదు కనుక వాటికి బుడగలతో పనిలేదు. అంటే కొత్త బూడిదతో గాలి కావాల్సిన మొదటి పని ఇదే.

పద్మజ గారి అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. "గుమ్మం ముందు పోసేదానికి కొబ్బరికాయ కొట్టకుండా ఎలాగమ్మా? వయసులో పెద్దాయన, ఇంజనీరు, మూర్తిగారి చేత కొట్టిద్దాం" అన్నారట. పెద్దాయన, ఇంజనీరు అన్న రెండు మాటలూ ఒకే వాక్యంలో విని చాలాకాలమైంది. పట్టుపంచె కట్టుకుని వెళ్ళాను.

చిన్న ప్రైవేటు పని, బయటి ఇన్‌స్పెక్టర్ ఎవరూ ఉండరు. పరీక్షలు చేయాల్సింది నేనే. మొదటి ట్రక్కు రాగానే పంచె ఎగ్గట్టి సిలిండర్లు నింపాను. ఇక గాలి మీటరు. అదొక బరువైన ఇనపకుండ. మూడు దఫాలుగా కాంక్రీటు నింపి, పొడిచి, మూత బిగించి, పంపు కొట్టాలి. కొట్టేవాడి మీద చిమ్ముతుంది. కారు డిక్కీలో ఉంది. తీయబోతుంటే అత్తగారు పిలిచారు.

"రండి బాబూ, ముహూర్తం దాటిపోతోంది!"

వచ్చాక కొలుద్దాం అనుకున్నాను. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి సమంగా పగిలింది. శుభం అన్నారు అందరూ. ప్రసాదం, ఫోటోలు, మాటలు. వెనక్కి చూసేసరికి ఆఖరి ట్రక్కు తొట్టి కడుక్కుంటోంది.

సోమవారం ఫారం నింపుతుంటే గాలి గడి ఖాళీగా కనిపించింది. కొత్త బూడిద రాకముందటి గురువారం, పాత బూడిదతో, ఇదే మిక్సుకి ఆరు వచ్చింది. ఆరు అని రాశాను. గాలి గురించి గాలిమాట రాసి, కింద సంతకం కూడా పెట్టాను.

ఇరవై ఎనిమిదో రోజున సిలిండర్లు పగలగొడితే బలం అనుకున్నదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. పద్మజ గారికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పాను. పిల్లలూ, బుడగలు లేని కాంక్రీటుకి బలం పెరుగుతుంది, బోలు తక్కువ కదా. ఆ అంకె నన్ను కేకేసి పిలుస్తోంది. నేను చప్పట్లనుకున్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. క్లినిక్ పని అయిన మరుసటి వారమే ఒక రోడ్డు పనిలో ఇన్‌స్పెక్టర్ గాలి తక్కువుందని మా ట్రక్కులు రెండు వెనక్కి పంపాడు. అప్పుడు పరుగెత్తి సీసా ఊపి, ద్రవం మోతాదు పెంచాను. ఆ క్షణంలో క్లినిక్ గుర్తు రాలేదని రాస్తే మీరు నమ్ముతారు. గుర్తు వచ్చింది. చలికాలం తేలిగ్గా పోతుందేమో అనుకున్నాను.

మార్చి నెల ఫోన్

చలికాలం తేలిగ్గా పోలేదు. మార్చిలో పద్మజ గారు ఫోన్ చేశారు.

"మూర్తి గారూ, మీ కాంక్రీటుకి సోరియాసిస్ వచ్చిందండీ."

వెళ్ళి చూశాను. ర్యాంపు మీద పైపొర పొలుసులు పొలుసులుగా లేచిపోయి కంకర పళ్ళు ఇకిలిస్తోంది. చెప్పుతో రాస్తే అప్పడంలా విరిగింది. ఒక తల్లి స్ట్రోలర్ ఎక్కించలేక, పాపని చంకనేసుకుని ఖాళీ బండిని మోసుకుపోతోంది.

"మా అన్నయ్య లాయర్ని పెట్టమంటున్నాడు. ముందు మీరేం చెబుతారో విందామని ఆగాను" అన్నారావిడ.

"కనుక్కుంటానండీ" అన్నాను. ఏదో తెలియనట్టు.

రెండు వారాల తర్వాత ప్లాంటు మేనేజర్ లిండా తన గదికి పిలిచింది. ట్రక్కుల్ని పంపే డిస్పాచ్‌లో ఫోన్లు ఎత్తడంతో మొదలుపెట్టి మేనేజర్ అయిన మనిషి. మాట కటువు, లెక్క ఖచ్చితం. వాల్టర్ అప్పటికే ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇన్సూరెన్స్ తరఫున వచ్చినవాడు ర్యాంపు చూసి, నీళ్ళు ఎక్కువై పైపొర బలహీనపడిందని తేల్చాడు. కిందటి ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇసుక తేమ చూసే యంత్రం పాడై ఉంది. వాల్టరే ఇసుకని పిడికిట్లో నొక్కి చూసి నీళ్ళు సరిచేసేవాడు. పైగా అంతకుముందు ఏడాది రెండు ట్రక్కులు నీళ్ళగా వెళ్ళాయని అతని మీద ఒక వార్నింగ్ ఉంది. ఇది రెండోదైతే హెడ్ ఆఫీసు ఉంచదు. పూర్తి పెన్షన్‌కి అతనికి ఇంకా పదకొండు నెలలు.

"నీళ్ళు కాదు లిండా, బూడిద" అన్నాడు వాల్టర్. "ఆ వారం నల్లగా వచ్చింది. మర్తీకి చెప్పాను కూడా."

లిండా ఫారం తిప్పి చూపించింది. "బూడిద బుడగల్ని తినేస్తే గాలి తగ్గాలి. ఇక్కడ ఆరు ఉంది. మూర్తీ, ఆరేనా?"

"ఫారంలో ఆరే ఉంది" అన్నాను.

అక్షరాలా నిజం. అబద్ధానికి అంతకంటే మంచి బట్టలు దొరకవు.

"మరి మర్తీ సిలిండర్లు బలంగానే వచ్చాయిగా?" అని అడిగాడు వాల్టర్.

"అవి మొదటి ట్రక్కువి. మిగతా వాటిలో నువ్వు నీళ్ళు ఎన్ని పోశావో ఎవరికి తెలుసు?" అంది లిండా.

వాల్టర్ ఆ ఫారాన్ని దగ్గరకి లాక్కుని చాలాసేపు చూశాడు. నా సంతకం చూశాడు. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను.

"మర్తీ ఆరు అని రాశాడంటే ఆరే" అన్నాడు. "అతను కొలిచాడంటే కొలిచినట్టే. అయితే తప్పు నా చేతిదే అయ్యుంటుంది. తడి అంచనా తప్పానేమో. వయసొచ్చింది."

రేపట్నుంచి సెలవులో ఉండమని, శుక్రవారం హెడ్ ఆఫీసుతో మాట్లాడి నిర్ణయం చెబుతానని లిండా అంది. నమూనా కోసి ల్యాబుకి పంపే ఆలోచన ఎవరూ చేయలేదు. ఎందుకు చేస్తారు? ఫారం ఉంది, మూర్తి సంతకం ఉంది.

నేను అద్దాల గదికి వెళ్ళాను. అరుగు మీద ఆగస్టు చివరి సోమవారం సీసా ఉంది. ల్యాబుకి తెచ్చి ఊపాను. మామూలుగా నురుగు నిలిచే చుక్కలన్నీ పడ్డాయి. నిలవలేదు. అన్ని చుక్కలూ మళ్ళీ వేశాను. చారు మీద నురుగులా లేచి, చూస్తుండగానే చచ్చిపోయింది. బ్యాచ్‌మ్యాన్ ముక్కుకి తెలిసింది ఇంజనీరు కాగితానికి తెలియలేదు.

ఇంటికి వెళ్ళి సుశీలకి చెప్పాను. అంతా కాదు, నా ఫారంలో గాలి ఆరు అని ఉంది, దాంతో వాల్టర్‌కి ఇబ్బందిగా ఉంది, అని. ఆవిడ గిన్నెలు సర్దుతూ విని, ఆగింది.

"ఆరు వచ్చిందని రాశారా? మీరా డబ్బా ఆరోజు బయటికే తియ్యలేదు కదండీ."

"నీకెలా తెలుసు?"

"పులిహోర గిన్నె పెట్టడానికి డిక్కీలో దాన్ని పక్కకి జరిపింది నేనే. మళ్ళీ ఇంటికొచ్చాక గిన్నె తీస్తే ఎక్కడిదక్కడే ఉంది." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆయన మన పిల్ల గ్రాడ్యుయేషన్‌కి కూడా వచ్చాడు. రేపు పొద్దున్నే చెప్పెయ్యండి. టిఫిన్ తినే వెళ్ళండి, అది వేరే."

ఇంకెన్ని?

మర్నాడు లిండా కోటు విప్పకముందే చెప్పాను. కొలవలేదు, పాత అంకె రాశాను, వాల్టర్ హెచ్చరిస్తే నవ్వాను, సీసా నిన్న ఊపాను, ఇదుగో.

ఆవిడ అరవలేదు. "ఇంకెన్ని?" అని అడిగింది.

"ఇదొక్కటే."

"ఎలా నమ్మాలి?"

"నమ్మకండి. ఫారాలన్నీ తీయించండి."

తీయించింది. రెండు రోజులు కూర్చుని నా అంకెల్ని ఇన్‌స్పెక్టర్ల అంకెలతో పోల్చి చూశారు. అవి సరిపోయాయి. ఆ రెండు రోజులూ నేను ల్యాబులో కూర్చుని మళ్ళీ సిలిండర్ అచ్చులు కడిగాను, ఎవరూ చెప్పకుండానే. గురువారం వాల్టర్‌ని ఇంటి నుంచి పిలిపించి, "నువ్వే చెప్పు" అంది లిండా. చెప్పాను.

"ఆరు ఎక్కడిది?" అని అడిగాడు వాల్టర్.

"కొత్త బూడిద రాకముందటి గురువారంది."

"ఎందుకు కొలవలేదు?"

"పట్టుపంచె కట్టుకుని ఉన్నాను."

అంటే ఏమిటని అడిగాడు. సిల్కు బట్ట, నడుముకి చుట్టుకుంటాం, మరక పడితే పోదు, అని వివరించాను. లిండా కిటికీ వైపు తిరిగింది, నవ్విందో లేదో నాకు తెలియదు. వాల్టర్ మాత్రం నవ్వలేదు.

"నా పెన్షన్ ఒక స్కర్టు అంచుకి వేలాడిందన్నమాట" అన్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నేను నీ తరఫున మాట్లాడాను మర్తీ."

"తెలుసు."

"అదే మింగుడు పడటం లేదు."

వాల్టర్ మీద వార్నింగ్ రాలేదు. అతను శుక్రవారం యథాప్రకారం తన కుర్చీలో కూర్చున్నాడు. నన్ను తీసెయ్యమనే హెడ్ ఆఫీసు అంది. "ఇతను ఇంకెప్పుడూ కొలవకుండా రాయడు. కొత్తగా తెచ్చుకునేవాడి గురించి నాకలా తెలియదు" అని లిండా వాళ్ళకి చెప్పిందని తర్వాత విన్నాను. నాకు మాత్రం ఒక్కటే చెప్పింది. ఇక మీద ఏడాదిపాటు నా ప్రతి ఫారం మీదా బ్యాచ్‌మ్యాన్ సంతకం కూడా ఉండాలి. ఇంజనీరు కాగితం మీద బ్యాచ్‌మ్యాన్ సంతకం! మన వైపైతే ఆ ఇంజనీరు బదిలీ పెట్టుకుంటాడు. నేను పెన్ను పట్టుకుని మెట్లెక్కాను. ఆ మెట్లు పదిహేడు. ఏడేళ్ళుగా ఎక్కుతున్నా అప్పుడే లెక్కపెట్టాను.

పద్మజ గారికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఎంతైనా అక్కడ నేను పెద్దాయన్ని. అంతా విని, "మా దగ్గర బీపీ చూడకుండా చార్టులో నార్మల్ అని రాసే ట్రైనీ డాక్టర్లు ఉంటారు మూర్తి గారూ. వాళ్ళని నేనేం చేస్తానో తెలుసా?" అన్నారు.

"ఏం చేస్తారు?"

"పక్కన నిలబడి మళ్ళీ చూయిస్తాను."

మే నెలలో కంపెనీ ర్యాంపు పగలగొట్టి కొత్తది పోసింది. మళ్ళీ బూడిద కాంక్రీటే. బూడిద తప్పేమీ లేదు. దాని దాహం కొలిచి దానికి తగ్గట్టు మందు పోస్తే ఎవరినీ మోసం చేయదు. పద్మజ గారు నిజంగానే నా పక్కన నిలబడ్డారు. "ఈసారి కొబ్బరికాయ నేను కొట్టుకుంటాను, మీరు మీ డబ్బా చూసుకోండి" అన్నారు. ప్రతి ట్రక్కుకీ కొలిచాను. ఆవిడ ప్రతిసారీ వంగి ముల్లు చూశారు. ప్యాంటు నిండా సిమెంటు చిమ్మింది. తర్వాత చాలా చలికాలాలు వచ్చాయి, ఆ ర్యాంపు మీద స్ట్రోలర్లు ఎక్కుతూనే ఉన్నాయి.

మీతో రెండు మాటలు

బూడిద ట్యాంకరు మారిన ప్రతిసారీ సీసా ఊపండి, సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా. బలం అనుకున్నదానికంటే మరీ ఎక్కువొస్తే సంబరపడకుండా గాలి చూడండి. బూడిద కాంక్రీటుకి తడి, సమయం ఇవ్వండి. తొందర ఉన్నవాళ్ళకి వేరే మిక్సు అమ్మండి, అబద్ధం అమ్మకండి.

బాసుల గురించి అడుగుతారు మీరు. నాకు ఇండియాలో మంచి బాసులున్నారు, ఇక్కడా ఉన్నారు. తప్పు చెప్పడానికి వెళ్ళినప్పుడు "ఎందుకు చేశావు?" అనే బాసు మామూలువాడు. "ఇంకెన్ని?" అనే బాసు దగ్గర ఉండిపోండి. నేను లిండా దగ్గర రిటైరయ్యేదాకా ఉండిపోయాను. ఆవిడకి ఎంత రుణపడ్డానో ఇక్కడ రాస్తున్నాను, మొహం మీద చెబితే "పని చూసుకో" అనేది.

వాల్టర్ సంగతి. మొదటి రెండు నెలలూ నా ఫారం తీసుకుని, చదివి, సంతకం పెట్టి, మాట్లాడకుండా తిరిగిచ్చేవాడు. మూడో నెలలో "ఇవాళ బూడిద వాసన చూశావా?" అన్నాడు. చూడటం నేర్చుకున్నాను. నాలుగో నెలలో నా కాఫీ కప్పు అద్దాల గదిలోకి చేరింది. పదకొండు నెలలూ నిండి, పూర్తి పెన్షన్‌తో, పేరు మీద కొత్త మచ్చేదీ పడకుండా వెళ్ళాడు.

వెళ్ళడానికి ముందు నెల, జనవరిలో ఒక గోదాము పునాది పోశాం. బుడగలు అక్కర్లేని పని. అయినా ఫారంలో గాలి గడి ఉంటుంది కదా. ఆ పొద్దున చలికి మీటరు మూత రబ్బరు చీలిపోయింది, గాలి పట్టలేదు. సైటు నుంచి వచ్చి, వేళ్ళు కొంకర్లు పోతుంటే ఫారం నింపాను. పాత పునాదుల అంకెలు పక్క పేజీలోనే ఉన్నాయి, ద్రవం వెయ్యకపోయినా చిక్కుకునే ఆ కాస్త గాలి, అన్నీ రెండు చుట్టుపక్కలే. గాలి గడిలో 'కొలవలేదు, మీటరు చెడింది' అని రాసి మెట్లెక్కాను.

వాల్టర్ కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"ఇది నమ్ముతాను" అని, నా పేరు పక్కన తన పేరు రాశాడు.